ప్రింట్ చేసిన టైటానియం ఎక్కడ తెగుతుంది?

(హైదరాబాద్‌లో మెటలర్జీ, మెకానికల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నా చేతిలో రెండు టైటానియం శాంపిల్స్ ఉన్నాయి. ముందు వరుసలో ఇస్తాను, చూసి వెనక్కి పంపించండి. చూపుడువేలంత పొడవుంటాయి, డమరుకంలా నడుము దగ్గర సన్నగా ఉంటాయి. ఒకటి నిండుగా ఉంది. రెండోది తెగి రెండయింది, దాన్ని గాజు మూత ఉన్న డబ్బాలో పెట్టాను. మూత మాత్రం తీయకండి, ఎందుకో చివర్లో చెబుతాను.

ఈ రెండూ ఒకే త్రీడీ ప్రింటర్‌లో, ఒకే రోజు, ఒకే ప్లేటు మీద పక్కపక్కనే తయారయ్యాయి. ఒకే పొడి, ఒకే లేజర్, ఒకే సెట్టింగులు. రెండింటినీ లేత్ మీద తిప్పి అద్దంలా పాలిష్ చేశాం. తర్వాత ఫెటీగ్ మిషన్‌కు, అంటే పదే పదే ఒత్తిడి పెట్టి లోహాన్ని అలసిపోయేలా చేసే మిషన్‌కు, ఎక్కించాం. అది ముక్కను ఒకసారి లాగుతుంది, ఒకసారి నొక్కుతుంది, ఇలా సెకనుకు 100 సార్లు. రెండింటికీ ఒకటే ఒత్తిడి, అటు 330 మెగాపాస్కల్, ఇటు 330. మొదటిది కోటి సార్లు తట్టుకుంది. కోటి అంటే దాదాపు 28 గంటలు. అప్పటికీ తెగలేదు, మేమే ఆపేశాం. రెండోది ఎక్కించి టీకి వెళ్లాం. తిరిగొచ్చేసరికి మిషన్ ఆగి ఉంది. కౌంటర్ 90 వేల దగ్గర నిలబడిపోయింది. పావుగంటకు మించి నడవలేదు.

అంతకుముందు వారమే అదే బ్యాచ్ ముక్కలకు టెన్సైల్ టెస్ట్, అంటే తెగేదాకా ఒక్కసారే లాగే పరీక్ష, చేశాం. అన్నీ 1,200 మెగాపాస్కల్‌కు కాస్త అటూ ఇటూగా తెగాయి, ముక్కకూ ముక్కకూ పెద్ద తేడా లేదు. ఫోర్జింగ్ చేసిన, అంటే వేడి చేసి అదిమి మలిచిన, ఇదే లోహం 950 దగ్గర తెగుతుంది, దాన్ని మించిపోయామని ల్యాబ్‌లో సంబరపడ్డాం. అంత ఒద్దికగా వచ్చిన ముక్కలు ఫెటీగ్ దగ్గరికి వచ్చేసరికి వంద రెట్ల తేడా ఎందుకు చూపించాయి? నాకు నిజంగా టెన్షన్ పట్టుకున్న రోజు అది. ఇలాంటి లోహంతో చేసిన భాగాన్ని విమానంలో బిగించాలంటే ఈ రెండు ముక్కల్లో దేన్ని నమ్మాలి?

తెగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాం. విసనకర్ర ఈనెల్లా గీతలు ఒకచోట పుట్టి విచ్చుకున్నాయి. ఆ ఈనెలు కలిసే చోటికి వెనక్కి నడిచాం. అక్కడ, సరిగ్గా అంచుకు ఆనుకుని ఒక గుంట. తలవెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ, 100 మైక్రాన్ల పైచిలుకు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గుంట అడుగున మూడు గుండ్రటి గింజలు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కొక్కటి 30 మైక్రాన్లు. పోపులో చిటపటలాడకుండా మిగిలిపోయిన ఆవాల్లా ఉన్నాయి. అవి లేజర్ వేడి అందక కరగకుండా ఉండిపోయిన టైటానియం పొడి గింజలు.

ఇవాళ నేను చెప్పేదంతా ఆ మూడు గింజల గురించే.

ముందు లోహం సంగతి. దీన్ని వాడుకలో సిక్స్-ఫోర్ అంటారు. బరువులో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనాడియం, మిగతాది టైటానియం. ప్రపంచం మొత్తం వాడే టైటానియంలో దాదాపు సగం ఇదేనని చెబుతారు. ఈ ఊరికి ఇది కొత్త లోహం కాదు. 1973లో ఏర్పడిన ప్రభుత్వ లోహ సంస్థ మిధాని కంచన్‌బాగ్‌లో టైటానియం కడ్డీలు, రేకులు చేస్తోంది. ఆ పక్కనే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది, బాలాపూర్‌లో లోహపు పొడుల మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ ఉంది. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా మన తీరంలోని నల్ల ఇసుకలో టైటానియం ఖనిజం ఇల్మెనైట్ దొరుకుతుంది. మీలో కొందరు ఇక్కడే, ఈ లోహం మీదే పనిచేస్తారని నా ఆశ.

శుద్ధ టైటానియం 882 డిగ్రీల దగ్గర రూపు మార్చుకుంటుంది. కింద ఆల్ఫా, పైన బీటా. ఆల్ఫాలో పరమాణువులు షడ్భుజాకారంలో పేర్చుకుని ఉంటాయి, బీటాలో ఘనాకారంలో. అల్యూమినియం ఆల్ఫా వైపు లాగుతుంది, వనాడియం బీటా వైపు లాగుతుంది. సిక్స్-ఫోర్‌లో ఈ మార్పు పూర్తయ్యేది సుమారు 995 డిగ్రీల దగ్గర. ఆ గీత దాటి కిందికి ఎంత వేగంగా దిగారన్న దాని మీదే లోపలి అల్లిక అంతా ఆధారపడి ఉంటుంది.

ప్రింటర్‌లో జరిగేదేమిటి? 30 నుంచి 60 మైక్రాన్ల మందాన పొడిని పరుస్తారు. లేజర్ దాని మీద ముగ్గు గీసినట్టు గీతలు గీస్తూ పోతుంది. గీత పడిన చోట పొడి కరిగి, వెంటనే గడ్డకడుతుంది. ప్లేటు ఒక పొర కిందికి దిగుతుంది, మళ్లీ పొడి, మళ్లీ ముగ్గు. ఒక చిన్న లెక్క వేద్దాం. గీతకూ గీతకూ మధ్య 0.1 మిల్లీమీటర్, పొర మందం 0.05 మిల్లీమీటర్ అనుకోండి. 100 ఘన సెంటీమీటర్ల భాగం, అంటే అరచేతిలో పట్టేది, ప్రింట్ చేయాలంటే లేజర్ ఎంత దూరం గీయాలి? 20 కిలోమీటర్లు. వెల్డింగ్ షాపులో పనిచేసినవాళ్లను అడగండి, మీటరు పొడవు వెల్డు ఎక్కడా తప్పు లేకుండా వేయడం ఎంత కష్టమో చెబుతారు. ఇక్కడ 20 కిలోమీటర్ల వెల్డింగ్ ఒక ముద్దలో దాగి ఉంది. అందులో ఏ ఒక్క చోటైనా మూడు గింజలు కరగకుండా ఉండిపోవచ్చు.

ఇప్పుడు లోపలి అల్లిక చూద్దాం, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన దృశ్యం ఇది. ముక్కను నిలువుగా కోసి, పాలిష్ చేసి, అల్లికను బయటపెట్టే క్రోల్ ద్రావణంలో కొన్ని సెకన్లు ఉంచుతాం. ఇందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. గ్లవ్స్ లేకుండా, పక్కన విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా దాని జోలికి పోవద్దు. చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట తెలియకపోవచ్చు, ఈలోగా లోపలికి దిగిపోతుంది. మీ సీనియర్లు ఎంత తేలిగ్గా తీసుకున్నా మీరు తీసుకోకండి.

ద్రావణంలోంచి తీసి కడిగాక తాటితోపు కనిపిస్తుంది. నిలువుగా, బారుగా నిలబడిన బీటా గ్రెయిన్లు, అంటే బీటా స్ఫటికాలు. పొర మందం 50 మైక్రాన్లే అయినా గ్రెయిన్ మాత్రం పదుల పొరలు దాటి పైకి పోతుంది. కొత్త పొర కరిగేటప్పుడు కింది పొర పైభాగం కూడా కాస్త కరుగుతుంది కదా, గడ్డకట్టేటప్పుడు కొత్త లోహం కింది స్ఫటికాన్నే కొనసాగిస్తుంది. వేడి ప్లేటు వైపు కిందికి దిగుతుంది, గ్రెయిన్లు దానికి ఎదురుగా పైకి పెరుగుతాయి. అసలు విషయం ఏమిటంటే, మనం చూసేది గ్రెయిన్ల ఆనవాలు మాత్రమే. గది ఉష్ణోగ్రతకు వచ్చేసరికి ఆ బీటా దాదాపు మిగలదు.

మరి దాని చోట ఏముంది? లేజర్ ప్రింటింగ్‌లో లోహం సెకనుకు లక్ష నుంచి కోటి డిగ్రీల వేగంతో చల్లబడుతుంది. వనాడియం పరమాణువులు పక్కకు జరిగి చోటు చూసుకునే వ్యవధే ఉండదు. ఉన్నవి ఉన్నచోటే ఇరుక్కుపోయి, లోహం మొత్తం ఒక్కసారిగా సన్నటి సూదులుగా మారిపోతుంది. దీన్ని ఆల్ఫా ప్రైమ్ మార్టెన్‌సైట్ అంటారు. సూది మందం మైక్రాన్ కంటే తక్కువే. చూడ్డానికి కళ్లంలో ఎండుగడ్డి వెదజల్లినట్టు ఉంటుంది గానీ, ఏ సూదీ ఇష్టం వచ్చినట్టు పడదు. ఒక బీటా గ్రెయిన్ లోపల సూదులకు 12 దిశలే అనుమతి. మా బ్యాచ్‌కు 1,200 మెగాపాస్కల్ బలం ఇచ్చింది ఈ సూదులే. బదులుగా సాగే గుణాన్ని తీసేసుకున్నాయి, తెగేలోపు సాగుదల చాలాసార్లు 10 శాతం లోపే. పైగా అంత వేగంగా చల్లబడటం వల్ల లోపల లాగుడు ఒత్తిళ్లు మిగిలిపోతాయి. అందుకే భాగాన్ని ప్లేటు నుంచి కోసే ముందే స్ట్రెస్ రిలీఫ్, అంటే వేడి చేసి ఆ ఒత్తిళ్లు తగ్గించడం, చేస్తారు. చేయకుండా కోస్తే కొన్ని భాగాలు కళ్ల ముందే వంకర తిరుగుతాయి.

ఎలక్ట్రాన్ బీమ్ ప్రింటింగ్‌లో ఈ కథ వేరేగా నడుస్తుంది. అక్కడ పరిచిన పొడిని 700 డిగ్రీల దాకా వేడిగా ఉంచుతారు, పని అంతా వాక్యూమ్‌లో జరుగుతుంది. మార్టెన్‌సైట్ పుట్టినా ఆ వేడికి అక్కడే విడిపోయి సన్నటి ఆల్ఫా పలకలు, మధ్య మధ్య బీటా ఉన్న బుట్ట అల్లికగా మారుతుంది. లోపలి ఒత్తిళ్లు చాలా తక్కువ. కానీ పొడి గింజలు ముతక, అందుకే ఉపరితలం మరింత గరుకు. ఒకచోట మేలు జరిగితే ఇంకోచోట కీడు.

ఫెటీగ్‌కు ఈ అల్లికతో ఏం పని? మీరందరూ చిన్నప్పుడు తీగను అటూ ఇటూ వంచి తెంపే ఉంటారు. ఒక్క వంపుకు తెగదు, పదో వంపుకు తెగుతుంది. ప్రతి వంపుకూ లోపల స్ఫటిక తలాలు ఒకదాని మీద ఒకటి జారతాయి, ఆ జారుడు ఒకేచోట పోగుపడి బీటు, అంటే సన్నటి పగులు, పుడుతుంది. ఆల్ఫా పలక సన్నగా ఉంటే జారుడు కొద్ది దూరంలోనే గోడ తగిలి ఆగుతుంది. పలకలన్నీ ఒకే వైపు చూస్తూ గుంపుగా ఉంటే గోడలు ఉన్నా లేనట్టే, జారుడు గుంపు అంతా దాటిపోతుంది.

ఇది పుస్తకంలో లెక్క మాత్రమే అనుకోవద్దు. 2017 సెప్టెంబర్ 30న ప్యారిస్ నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 విమానానికి గ్రీన్‌లాండ్ మీదుగా ఎగురుతుండగా ఒక ఇంజిన్ ముందుభాగం ఊడిపోయింది. విమానం కెనడాలోని గూస్ బేలో క్షేమంగా దిగింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఊడిపోయిన ఫ్యాన్ హబ్ ముక్క కోసం మంచు మీద వెతికి వెతికి 2019లో దొరికించుకున్నారు. సిక్స్-ఫోర్ టైటానియమే, ఫోర్జింగ్ చేసినది. బీటు మొదలైన చోట ఒకే దిశకు తిరిగిన ఆల్ఫా గ్రెయిన్ల గుంపు ఉంది. దాన్ని మాక్రోజోన్ అంటారు. టేకాఫ్ సమయంలో పెద్ద ఒత్తిడి మీద కాసేపు అలాగే నిలిచి ఉండటం వల్ల పెరిగే ఈ రకం అలసటకు డ్వెల్ ఫెటీగ్ అని పేరు. డిజైన్‌లో అనుకున్న ఆయుష్షు ఎంతో మిగిలి ఉండగానే ఆ హబ్ తెగింది.

దీనికి 28 ఏళ్ల ముందు, 1989 జులై 19న, అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలింది. 296 మంది ఉన్న విమానంలో 112 మంది చనిపోయారు. అదీ సిక్స్-ఫోర్ ఫ్యాన్ డిస్కే. లోహం కరిగించిన నాడే నైట్రోజన్ పట్టేసి గట్టిపడిన చిన్న మచ్చ ఒకటి లోపల ఉండిపోయింది. తర్వాత తయారీలో అది రాలిపోయి మిల్లీమీటరున్నర లోపు గుంట మిగిలింది. ఎన్నో ఏళ్లు ఎగిరాక బీటు ఆ గుంటలోంచే బయలుదేరింది. డిస్కు ముక్కలు మూడు నెలల తర్వాత మొక్కజొన్న కోతలప్పుడు పొలంలో దొరికాయి.

ఈ రెండూ ప్రింట్ చేసినవి కావు. అయినా ఎందుకు చెప్పానంటే, మొదటిది అల్లిక లోహానికి తెచ్చిన చావు, రెండోది లోపం తెచ్చిన చావు. ప్రింట్ చేసిన టైటానియంలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఎవరు ముందు లేస్తే వాళ్లు చంపుతారు. నా అనుభవంలో పదికి తొమ్మిదిసార్లు లోపమే ముందు లేస్తుంది.

లోపాలు ముఖ్యంగా మూడు రకాలు. పొడి గింజల లోపలే చిక్కుకున్న ఆర్గాన్ బుడగలు చిన్నవి, గుండ్రనివి, వాటితో పెద్దగా పేచీ ఉండదు. రెండో రకం లేజర్ మరీ ఎక్కువ శక్తి ఇచ్చినప్పుడు వస్తుంది. లోహం ఆవిరై ఆ ఆవిరి నెట్టుడుకు కరిగిన గుంటలో సన్నటి లోతైన బావి పడుతుంది. బావి గోడలు ఊగిసలాడి అడుగు తెగిపోతే అక్కడ బుడగ మిగిలిపోతుంది. అమెరికాలోని ఆర్గోన్ నేషనల్ లాబొరేటరీలో సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం ఇచ్చే శక్తిమంతమైన ఎక్స్‌రేలతో ఈ బావి పుట్టడాన్ని నేరుగా సినిమా తీశారు. కార్నెగీ మెలన్ పరిశోధకులతో కలిసి చేసిన ఆ పని 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. అప్పటిదాకా ఊహించుకుంటున్నదాన్ని కళ్లతో చూశాం.

మూడోది మన ఆవగింజల రకం, లాక్ ఆఫ్ ఫ్యూజన్. శక్తి చాలకనో, గీతల మధ్య ఎడం ఎక్కువయ్యో, పక్క గీత నుంచి ఎగిరిన తుంపర పొడి మీద పడి లేజర్‌కు అడ్డొచ్చో రెండు పొరలు ఒకదానికొకటి అతుక్కోవు. ఇది గుండ్రంగా ఉండదు. అప్పడంలా పలచగా, అంచులు పదునుగా, పొరకు సమాంతరంగా పడుకుని ఉంటుంది. అన్నిటికంటే ప్రమాదం దీనితోనే.

ఎందుకో చెప్పడానికి జపాన్‌లోని క్యూషు విశ్వవిద్యాలయానికి చెందిన యుకితాకా మురకామి చూపించిన దారి నాకు చాలా నచ్చుతుంది. లోపం ఆకారం ఎంత వంకరగా ఉన్నా, లాగే దిశలో దాని మీద దీపం వేస్తే అడ్డంగా పడే నీడ వైశాల్యం చూడమన్నారు. ఆ వైశాల్యానికి వర్గమూలం తీస్తే వచ్చే పొడవే లోపం సైజు. దానికి లోహం గట్టిదనం, అంటే వికర్స్ హార్డ్‌నెస్ కలిపితే ఎంత ఒత్తిడి దాకా ప్రమాదం లేదో అంచనా వస్తుంది. గట్టిదనానికి 120 కలిపి, 1.43తో గుణించి, లోపం సైజుకు ఆరో మూలంతో భాగించాలి. లోపం ఉపరితలం మీద ఉంటే 1.43, లోపల ఉంటే 1.56. ఉక్కు కోసం పుట్టిన సూత్రమే గానీ టైటానియానికి కూడా మొదటి అంచనాగా పనికొస్తోంది.

మన లోహం గట్టిదనం 350 అనుకుందాం. 300 మైక్రాన్ల వెడల్పు, 30 మైక్రాన్ల మందం ఉన్న అప్పడాన్ని తీసుకోండి. భాగాన్ని నిలువుగా, అంటే పొరలు పేర్చిన దిశలో లాగితే అప్పడం నిండు నీడ పడుతుంది, సైజు 266 మైక్రాన్లు. అదే అడ్డంగా లాగితే అంచు నీడే పడుతుంది, సైజు 84. లోపం ఉపరితలం మీద ఉందనుకుని లెక్క వేస్తే నిలువుకు 265 మెగాపాస్కల్, అడ్డానికి 321. లోపం అదే, లోహం అదే, ప్లేటు మీద భాగాన్ని నిలబెట్టారా పడుకోబెట్టారా అన్నదే తేడా. డిజైన్ చేసేవాళ్లు, ప్రింట్ చేసేవాళ్లు వేర్వేరు గదుల్లో కూర్చుని మాట్లాడుకోకపోతే ఈ 56 మెగాపాస్కల్ ఎవరి లెక్కలోకీ రాదు.

ఇంకో సంగతి గమనించండి. ఈ సూత్రంలో సగటు లేదు. భాగంలో వెయ్యి రంధ్రాలు ఉండొచ్చు, సాంద్రత 99.9 శాతం ఉందని సర్టిఫికెట్ రావచ్చు. ఫెటీగ్‌కు కావలసింది వెయ్యిలో పెద్దది ఏది, అది ఎక్కడుంది అన్నదే. టెన్సైల్ టెస్ట్ లోహం మొత్తాన్ని అడుగుతుంది, అందుకే అన్ని ముక్కలూ ఒకే జవాబు చెప్పాయి. ఫెటీగ్ మాత్రం అతి బలహీనమైన ఒక్క చోటును పట్టుకుని అడుగుతుంది.

ఇప్పుడు మన రెండు ముక్కల దగ్గరికి వద్దాం. మొదటిది తెగలేదని అందులో లోపం లేదనుకున్నాం. తర్వాత దాన్ని ఎక్స్‌రే సీటీ స్కాన్ చేయించాం. నడుము భాగంలోనే ఉంది, అలాంటిదే గుంట, సైజు కూడా దాదాపు అంతే! కాకపోతే ఉపరితలానికి ఒకటిన్నర మిల్లీమీటర్ లోపల ఉంది. రెండో ముక్కలో గుంట కూడా ప్రింట్ అయిన రోజు లోపలే ఉండేది. లేత్ మీద తిప్పి, పాలిష్ చేసి, మేమే దాన్ని ఒడ్డుకు తెచ్చాం. సూత్రం ప్రకారం 100 మైక్రాన్ల లోపం ఉపరితలం మీద ఉంటే హద్దు 312 మెగాపాస్కల్, లోపల ఉంటే 340. మా పరీక్ష 330 దగ్గర జరిగింది. ఒకటి గీతకు ఇవతల, ఒకటి అవతల. పైగా లోపల పుట్టిన బీటుకు గాలి తగలదు, వాక్యూమ్‌లో ఉన్నట్టే, అందుకని నెమ్మదిగా నడుస్తుంది. ఉపరితలం మీది బీటుకు మొదటి క్షణం నుంచే గాలి, తేమ అందుతాయి. అంచనా సూత్రం ఇంత దగ్గరగా సరిపోవడం మా అదృష్టం కూడా కావచ్చు, కానీ కథ మాత్రం అదే.

అంటే ఉపరితలాన్ని చెక్కకుండా వదిలేయాలా? అదీ కుదరదు. ప్రింటర్ నుంచి వచ్చిన భాగాన్ని గోటితో గీరి చూడండి, గరుకుగా ఉంటుంది. సగం కరిగి గోడకు అతుక్కున్న పొడి గింజలు, వాటి మధ్య లోయలు. ప్రతి లోయా తయారుగా ఉన్న బీటే. అలాగే వదిలేసిన సిక్స్-ఫోర్ కోటి సార్లకు సాధారణంగా 200 నుంచి 300 మెగాపాస్కల్ దగ్గరే తేలుతుంది. మంచి ఫోర్జింగ్ 500 పైన ఉంటుంది. చెక్కాలి, కానీ చెక్కే ముందు లోపలి గుంటలు మూసేయాలి.

మూసే పద్ధతి పేరు హిప్, హాట్ ఐసోస్టాటిక్ ప్రెసింగ్. భాగాన్ని 920 డిగ్రీల దగ్గర, 100 మెగాపాస్కల్ ఆర్గాన్ ఒత్తిడిలో రెండు గంటలు ఉంచుతారు. సముద్రంలో పది కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడి అది. మెత్తబడిన లోహం అన్ని వైపుల నుంచీ నొక్కుకుని, గుంట గోడలు కలిసి అతుక్కుపోతాయి. ఆవగింజలు కూడా చుట్టూ ఉన్న లోహంలో కలిసిపోతాయి. ఉపరితలానికి తెరుచుకున్న గుంట మాత్రం మూసుకోదు, ఆర్గాన్ దాంట్లోకే దూరి లోపలి నుంచి నెడుతుంది. మొదటే ఆర్గాన్ చిక్కుకున్న బుడగలు నలిగి కనిపించకుండా పోతాయి గానీ ఆ ఆర్గాన్ ఎక్కడికీ పోదు. తర్వాత మళ్లీ బాగా వేడి చేస్తే అవి ఉన్నచోటే తిరిగి పొంగుతాయని మాంచెస్టర్ పరిశోధకులు 2016లో సీటీ స్కాన్లతో చూపించారు.

హిప్ తర్వాత టెన్సైల్ బలం తగ్గుతుంది. సూదులు పోయి, రెండు మూడు మైక్రాన్ల మందపు ఆల్ఫా పలకలు వస్తాయి. 1,200 ఉన్నది 1,000కి, ఇంకా కిందికి దిగుతుంది. కొనేవాళ్లు ఆ రిపోర్టు చూసి కంగారుపడతారు, ‘బలం పోయింది కదా మేడమ్’ అంటారు. బలం తగ్గింది, ఆయుష్షు పెరిగింది. హిప్ చేసి, ఆ తర్వాత చెక్కిన ముక్కలు ఫోర్జింగ్‌తో పోటీపడతాయి. ఇక్కడి నుంచే అల్లిక కథ మళ్లీ మొదలవుతుంది. లోపాలు లేనప్పుడు బీటు ఆల్ఫా పలకల జారుడు తలాల మీద పుడుతుంది. తెగిన ముఖం మీద గుంట బదులు చిన్న చిన్న నున్నటి పలకలు మెరుస్తాయి. మొదటిసారి అలాంటి ముఖం చూసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తెగినందుకు కాదు, అది లోహం తన బలం మేరకు పనిచేసి తెగిన తీరు కాబట్టి.

ముతకబడిన ఆ పలకల్ని మళ్లీ సన్నం చేయలేమా? వేడి చేస్తే బుడగలు పొంగుతాయి, బీటా గ్రెయిన్లు బలిసిపోతాయి. చైనాలో షెన్యాంగ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటల్ రీసెర్చ్ బృందం 2024లో నేచర్ పత్రికలో దీనికి ఒక జవాబు చెప్పింది. హిప్ చేశాక, చాలా కొద్ది సేపు మాత్రం ఎక్కువ వేడిలో పెట్టి తీశారు. సన్నటి అల్లిక తిరిగి వచ్చేంత సమయం ఉంది, గ్రెయిన్లు బలిసేంత, బుడగలు పొంగేంత సమయం లేదు. వాళ్లు చెప్పిన ప్రకారం లాగి వదిలే పరీక్షలో హద్దు 475 నుంచి 978 మెగాపాస్కల్‌కు పెరిగింది. చిన్న ముక్కల మీద వచ్చిన ఫలితం ఇది. చెయ్యి మందం ఉన్న భాగంలో నడుమ దాకా అదే వేగంతో వేడెక్కించి చల్లార్చడం వేరే సమస్య, మీలాంటివాళ్ల కోసం కాచుకుని ఉన్న సమస్య.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(సీటీ స్కాన్‌లో అన్ని లోపాలూ ముందే కనిపిస్తాయి కదా అని ఒక విద్యార్థి అడిగారు.)

చిన్న ముక్కలో కనిపిస్తాయి. భాగం పెద్దదయ్యేకొద్దీ చూపు మందగిస్తుంది. డిటెక్టర్‌లో 2,000 గడులు ఉన్నాయనుకుంటే 100 మిల్లీమీటర్ల భాగంలో ఒక్కో గడికి 50 మైక్రాన్లు. లోపం ఉందని నమ్మకంగా చెప్పాలంటే కనీసం రెండు మూడు గడులైనా నిండాలి. పలచటి అప్పడం మందం 30 మైక్రాన్లే కదా, అది ఒక్క గడిలోనే దాక్కుంటుంది.

(మా నానమ్మకు తుంటి కీలు మార్పిడి చెప్పారు మేడమ్, ప్రింట్ చేసిన కప్పు వేస్తామంటున్నారు, అది తెగుతుందా అని వెనక వరుసలో ఒక అమ్మాయి అడిగింది.)

మంచి ప్రశ్న అమ్మా. కటి ఎముకలో కూర్చునే ఆ కప్పులు 2007 నుంచి యూరప్‌లో వాడుతున్నారు. పైన స్పాంజిలా రంధ్రాలు కావాలనే ప్రింట్ చేస్తారు, ఎముక వాటిలోకి పెరిగి పట్టుకుంటుంది. కప్పు వెనక ఎముక ఆసరా ఉంటుంది, దాని మీద పడేది ఎక్కువగా నొక్కుడు. తొడ ఎముకలోకి దిగే కాడ సంగతి వేరు, అది అడుగు అడుగుకూ వంగుతుంది. అందుకే కాడలు ఇప్పటికీ ఎక్కువగా ఫోర్జింగ్‌వే. మనిషి ఒక కాలి మీద ఏడాదికి దాదాపు పది లక్షల అడుగులు వేస్తాడని లెక్క. నేను మొదట చెప్పిన కోటి సార్లు, ఆ 28 గంటలు, మీ నానమ్మ పదేళ్ల నడక. డాక్టర్ గారిని భయపడకుండా అడుగు, కప్పు ఏ కంపెనీది, ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు అని. అడగడం మీ హక్కు.

(మా కాలేజీలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేదు, తెగిన ముక్కను ఎలా దాచుకోవాలి అని మరొకరు అడిగారు.)

తెగిన రెండు ముఖాల్నీ ఒకదానికొకటి ఆనించి చూడకండి. అందరూ మొదట చేసే పని అదే. ఆనిస్తే అంచులు రాసుకుని బీటు పుట్టిన చోటు చెరిగిపోతుంది. వేలితో తాకకండి, తేమ అంటుతుంది. పక్కన మార్కర్‌తో పైవైపు ఏదో, ప్లేటు వైపు ఏదో రాసి, పొడిగా మూత ఉన్న డబ్బాలో పెట్టండి. నేను మూత తీయొద్దన్నది అందుకే.

ఇంతకీ ఆ డబ్బా ఎవరి దగ్గరుంది? ఇలా తీసుకురా నాన్నా. పక్క గదిలో మైక్రోస్కోప్ సిద్ధంగా ఉంది, పదిమంది చొప్పున రండి. ఆ మూడు గింజల్నీ మీ కళ్లతో చూద్దురు గాని.